మూడెకరాల మారాణి

నేను రైతుని. నవ్వకండి. నవ్వేవాళ్లకి చూపించడానికి నా దగ్గర పాసుపుస్తకం ఉంది. అందులో నా ఫోటో కూడా ఉంది.

ఖమ్మానికి ఇవతల, పాలేరు నీళ్లు పారే ఒక ఊళ్లో నాకు మూడెకరాల పొలం ఉంది. పెళ్లిలో నాన్న పసుపుకుంకుమ కింద ఇచ్చాడు. ఇచ్చిన రోజున గట్టు మీద నిలబడి చూశాను. చాలా ఏళ్ల తర్వాత ఇంకోసారి వెళ్తే ఏది నాదో ఏది పక్కవాళ్లదో పోల్చుకోలేకపోయాను. వరికీ ఊదకీ తేడా చెప్పమంటే ఇప్పటికీ తడబడతాను. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని గనక అక్బరు దగ్గర తోడరమల్లు భూములు ఎలా కొలిపించాడో మాత్రం గడగడా అప్పజెప్పగలను. ఆ విద్యతో నాట్లు పడవు కదా!

నా పొలం చేసేది బాబాయి. వరసకి ఏమీ కాడు. చిన్నప్పుడు నన్ను బండెక్కించుకుని జాతరకి తీసుకెళ్లేవాడు, అప్పట్నుంచీ బాబాయే. నా పెళ్లయిన ఏడాది నుంచి ఆ మూడెకరాలూ ఆయనే కౌలుకి చేస్తున్నాడు. కౌలు ఎంతో, ఎప్పుడివ్వాలో అంతా నోటిమాటే. "కాగితం మాత్రం రాసివ్వకమ్మా, రాశావో పొలం మీద ఆశ వదులుకోవాల్సిందే" అని నాన్న పొలంతోపాటు సలహా కూడా పసుపుకుంకుమ కిందే ఇచ్చాడు.

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర శాలపల్లి–ఇందిరానగర్‌లో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు రైతుబంధు పథకాన్ని మొదలుపెట్టారు. ఎకరానికి పంటకి 4,000 రూపాయలు. ఏడాదికి రెండు పంటలు గనక 8,000. అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. ఏ పంట వేశావని అడగరు. మరుసటేడు నుంచి దాన్ని పంటకి 5,000 చేశారు. ఆ మొదటి వానాకాలంలో మాత్రం డబ్బు బ్యాంకు ఖాతాల్లో పడలేదు, ఊరూరా బల్లలు వేసి చెక్కులే పంచారు.

నా చెక్కు 12,000. తీసుకోవడానికి నేను స్వయంగా రావాలన్నారు. వెళ్లాను. మే నెల ఎండ. టెంటు కింద అధికారులు, టెంటు బయట మా లైను. నా మొహం కందిపోతోందని బాబాయి గొడుగు తెచ్చి పట్టాడు. వద్దంటే వినలేదు. ఆయన పొలం దున్నే చేత్తో పట్టిన గొడుగు కింద నిలబడి, ఆ పొలం పేరు మీద వచ్చిన చెక్కు నేను సంతకం పెట్టి పుచ్చుకున్నాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. అబద్ధమెందుకు చెప్పాలి, సంతోషంగానే ఉంది. బాబాయి కూడా ఏమీ అడగలేదు. "పదమ్మాయీ, మీ పిన్ని పప్పుచారు పెట్టింది" అన్నాడంతే.

ఇంటికొచ్చేసరికి మావారు "రండి రండి, మూడెకరాల మారాణి వారు!" అని దండం పెట్టారు. వారం తిరక్కుండా ఆ డబ్బుతో గద్వాల చీర కొనుక్కున్నాను. చిలకపచ్చ రంగు, మామిడిపిందెల అంచు. సర్కారువారు పెట్టిన చీర అని నలుగురికీ చెప్పి మురిశాను కూడా.

ఇక్కడితో అయిపోతే ఇది వ్యాసం కాకపోను, చీర కథ అయ్యేది. ఆ ఏడు డిసెంబరులో మా పిన్ని కూతురింటికి మణుగూరు వెళ్లాను. వాళ్లాయనకి బొగ్గు గనుల్లో ఉద్యోగం. "అక్కా, నువ్వు చరిత్ర మనిషివి, నీకు మా దగ్గర చూపించదగ్గది ఒకటుంది" అని నన్ను పినపాక మండలంలో జానంపేటకి తీసుకెళ్లింది. అక్కడ ఇనుపయుగం నాటి సమాధులున్నాయి. మనిషెత్తు బండలు నిలబెట్టి, పైన ఒక పెద్ద బండ కప్పి కట్టిన గూళ్లు. అంత బరువు మామూలు మనుషులు ఎత్తలేరని, రాకాసులే కట్టి ఉంటారని జనం రాకాసిగూళ్లంటారు. ఏ కాగితమూ లేని రోజుల్లో "మేమిక్కడ ఉన్నాం" అని మనుషులు పెట్టిన సంతకాలవి.

వచ్చేదారిలో మంచినీళ్ల కోసం ఒక కోయగూడెంలో ఆగాం. ఇప్పచెట్టు కింద నులకమంచం మీద ఒక అవ్వ కూర్చుని కందులు చెరుగుతోంది. నీళ్లిచ్చింది, మంచం దులిపి కూర్చోమంది. కోయవాళ్ల మాటలో మీరూ గీరూ ఉండవు. కలెక్టరైనా నువ్వే, మనవడైనా నువ్వే.

అవ్వకి ఇద్దరు కొడుకులు. వాగుకి ఈవలి నాలుగెకరాలు పెద్దవాడివి, ఆవలి నాలుగెకరాలు చిన్నవాడివి. ఈవలిది పట్టా భూమి. ఆవలిది పోడు. అవ్వ పెనిమిటి కుర్రతనంలో పొదలు కొట్టి చేసినది. అడవి లెక్కల్లో అది అడవే. రెండు చేలలోనూ అదే పత్తి, అదే కంది, దున్నేది ఒకే జత ఎడ్లు. ఆ వానాకాలం పెద్దవాడికి 16,000 చెక్కు వచ్చింది. చిన్నవాడికి ఏమీ రాలేదు.

"మరి చిన్నబ్బాయికి కష్టంగా లేదా అవ్వా?" అన్నాను.

"ఎందుకు కష్టం? పెద్దోడు సగం వానికిచ్చిండు. ఎడ్లు ఇద్దరియి గాదా!" అంది అవ్వ, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు.

తర్వాత ఇంట్లోకి పోయి రేకుపెట్టెలోంచి పాలిథీన్ కవర్లో చుట్టిన కాగితం ఒకటి తెచ్చింది. నలిగి పసుపురంగుకి తిరిగిన రసీదు. పోడు కొట్టినందుకు అవ్వ పెనిమిటి ఎప్పుడో కట్టిన జుర్మానా అట. "ఇది ఉంటే పట్టా వస్తదంటున్నరు. నిజమేనా బిడ్డా, చదువుకున్నదానివి" అని అడిగింది. నాకు తెలియదన్నాను. అప్పటికి నిజంగానే తెలియదు.

ఆ తర్వాత అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "నీకెన్నెకరాలున్నయి బిడ్డా?" అంది.

"మూడు" అన్నాను.

"నీకు వచ్చినయా పైసలు?"

"వచ్చాయి."

"ఏమేస్తవు?"

ఏం వేస్తాను? కథలు రాస్తానని చెప్పాను. అవ్వ బోసినోటితో నవ్వింది. ఎగతాళిగా కాదు. లెక్క కుదరక నవ్వింది. "కథలకిచ్చిండా సర్కారు పైసలు?" అంది. మా చెల్లెలు పక్కకి తిరిగి నవ్వుకుంది. ఆ రోజు నేను ఆ గద్వాల చీర కట్టుకోలేదు, అదృష్టం.

ఇంటికొచ్చి అటకమీది చరిత్ర పుస్తకాల దుమ్ము దులిపాను. సర్కారుకి రెండు చేతులుంటాయి. ఒకటి తీసుకునేది, ఒకటి పెట్టేది. పుస్తకాల నిండా కనిపించేది మొదటి చెయ్యే.

పినపాక నుంచి అడవిదారిన ఏటూరునాగారం మీదుగా పోతే మేడారం. రెండేళ్లకోసారి మాఘపున్నమికి జనం నిలువెత్తు బెల్లం మోసుకెళ్లే సమ్మక్క–సారలమ్మల కథ మనందరికీ తెలిసిందే. ఆ కథలో యుద్ధం ఎందుకొచ్చింది? కరువొచ్చి పంటలు పోతే కోయదొర పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడు. ఓరుగల్లు ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. జంపన్న సంపెంగవాగులో దూకాడు, అది జంపన్నవాగు అయింది. మనం మొక్కుకునే ఆ తల్లుల కథకి మూలం ఒక పన్ను బకాయి! గోదావరి దిగువన రంపలో తాటికల్లు మీద వేసిన చిగురుపన్ను 1879 తిరుగుబాటుకి నిప్పురవ్వ అయింది. రెండో ప్రపంచయుద్ధం నాడు నైజాం రాజ్యంలో లెవీ పేరిట ధాన్యం కొలిపించుకున్నారు.

ఈ తీసుకునే చెయ్యి ఎన్నడైనా "పట్టా ఎవరి పేరునుంది?" అని ఆగిందా? కళ్లం దగ్గరికే వచ్చింది, కొలుచుకుంది, పోయింది. పోడు చేసినవాడి దగ్గర జుర్మానా పుచ్చుకున్నవాళ్లు "నీకు పట్టా లేదు గనక నీ డబ్బు మాకొద్దు" అనలేదు సుమా! పట్టా లేదు గనకే తీసుకున్నారు.

పెట్టే చెయ్యి తీరు వేరు. అది కళ్లం దాకా రాదు. కచేరీలో కూర్చుని కాగితం అడుగుతుంది.

మన పెద్దవాళ్లు తక్కావి అనే మాట వాడేవారు, గుర్తుందా? బావి తవ్వుకోవడానికీ, విత్తనాలకీ, ఎడ్లకీ సర్కారిచ్చే అప్పు. అరబ్బీలో ఆ మాటకి మూలం బలం. రైతుకి బలమిచ్చేదన్నమాట. ఇంగ్లీషువాళ్లు 1883లో భూమి బాగుచేసుకునే అప్పులకి ఒక చట్టం, 1884లో విత్తనాలూ పశువులూ కొనుక్కునే అప్పులకి ఇంకో చట్టం చేశారు. కానీ పూచీ ఏదీ? పూచీ పెట్టడానికి పట్టా భూమి ఉన్నవాడికే ఆ బలం. లేనివాడికి షావుకారే దిక్కు.

చట్టం కూడా ఒడ్డు చూసి దిగేది. పినపాక గోదావరికి ఈవల నైజాం రాజ్యంలో ఉండేది. ఎదుటి ఒడ్డు 1860లో ఇంగ్లీషువాళ్ల చేతికి పోయి, ఆ తర్వాత మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చింది. రెండు ఒడ్డులా ఉన్నది కోయలే, పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్లే. అయినా ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్లకి పోకుండా, వడ్డీ హద్దు దాటకుండా 1917లో వచ్చిన చట్టం ఆ ఒడ్డుకే వర్తించింది. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషను ఈ ఒడ్డుకి వచ్చింది 1963 డిసెంబరు 1న. 1970లో దాన్ని గట్టిపరచి, ఏజెన్సీలో భూమి గిరిజనులకి తప్ప మరెవరికీ చేతులు మారకూడదన్నారు. జనం నోట అది "వన్ ఆఫ్ సెవెంటీ" అయింది. మంచి చట్టమే. కానీ కాగితం ఒకరిదీ పంట ఇంకొకరిదీ అయ్యే తెలివి మనవాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు కదా!

ఆ అవ్వ రసీదు సంగతి కూడా అప్పుడే తెలుసుకున్నాను. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగుచేసుకుంటున్న గిరిజనుడికి పది ఎకరాలకి లోపు హక్కుపత్రం ఇవ్వాలి. పెళ్లయినవాళ్లయితే మొగుడూ పెళ్లాం ఇద్దరి పేర్లూ అందులో ఉండాలి. సాక్ష్యం ఏమిటంటారా? సర్కారు రికార్డులు పనికొస్తాయి. ఊరి పెద్దల వాఙ్మూలం పనికొస్తుంది. పాత బావి, దేవర గుడి, చివరికి శ్మశానం కూడా పనికొస్తుంది. ఆనాడు "నీది కాదు" అని పెనిమిటి దగ్గర జుర్మానా పుచ్చుకుని ఇచ్చిన రసీదే, ఈనాడు "మాదే" అనడానికి అవ్వకి ఆధారమయింది. ఆమె ఆ కాగితాన్ని తాళిబొట్టులా ఎందుకు దాచుకుందో అప్పుడర్థమయింది నాకు.

న్యాయంగా ఒకమాట చెప్పుకోవాలి. రైతుబంధు చిన్న పని కాదు. మొదటి పంటకే యాభై లక్షల మందికి పైగా అందింది. విత్తనం వేయకముందే, మధ్యలో ఎవరి చేతులూ తడపకుండా డబ్బు వచ్చింది. ఆ అవ్వ పెద్దకొడుకు ఆ ఏడు విత్తనాలకి అప్పు చేయలేదట. హక్కుపత్రం ఉన్న పోడు రైతులకి కూడా అది వచ్చింది. రానిది హక్కుపత్రం చేతికందనివాళ్లకి. ఇంకా రానిది మా బాబాయి లాంటి కౌలు రైతులకి.

ఎందుకు రాదని మావారినడిగితే "కౌలుదారు ఏటేటా మారతాడు, సర్కారు ఎవరి వెంట పడుతుంది?" అన్నారు. అందరూ చెప్పే జవాబే. పాత పహాణీలో పట్టాదారు పక్కనే అనుభవదారు అని ఒక గడి ఉండేది. ఆ ఏడు భూమి ఎవరి చేతిలో ఉందో పట్వారీ అందులో రాసేవాడు. 2020లో వచ్చిన ధరణిలో ఆ గడి లేకుండా పోయింది. ఆ గడి అంటే మా నాన్నలాంటివాళ్లకి ఊరికే భయం పట్టుకోలేదు. 1950 హైదరాబాద్ కౌలు చట్టం దున్నేవాళ్లలో కొందరిని రక్షిత కౌలుదార్లని చేసింది. కొందరు ఆ భూములకి యజమానులయ్యారు కూడా. ఆ జ్ఞాపకమే తరం నుంచి తరానికి "కాగితం రాయకమ్మా" అనే సలహాగా దిగింది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతులకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేసినా, యజమానుల మనసుల్లో ఆ భయం పోలేదు.

ఇది మన ఒక్కరి గొడవా అంటే కాదు. 1933లో అమెరికాలో పత్తి ధర పడిపోతే, పత్తి తగ్గించిన రైతులకి ఎకరాల లెక్కన డబ్బిస్తామంది అక్కడి సర్కారు. ఎదిగిన పత్తిని దాదాపు కోటి ఎకరాల్లో దున్నేశారు. పత్తిసాళ్లు తొక్కకుండా మరిగిన కంచరగాడిదలు ఆ పని చేయడానికి మొరాయించాయని చెప్పుకుంటారు. చెక్కులు భూస్వాముల పేరనే వెళ్లాయి. పాలికి చేసేవాళ్లకి వాటా ఇవ్వాలని రూలుంది. చాలామంది ఇవ్వలేదు సరికదా, భూమి తగ్గింది గనక మీతో పనిలేదని వాళ్లని ఇళ్లలోంచి పంపేశారు. 1934లో అర్కాన్సాలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకచోట చేరి కౌలుదార్ల సంఘం పెట్టుకున్నది ఆ కడుపుమంటతోనే.

దారి లేదా అంటే ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ తన రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకి కూడా చోటిచ్చింది. ఒడిశా కాలియా పథకంలో భూమిలేని కుటుంబాలని కూడా చేర్చింది. అమలు ఎంత సజావుగా సాగిందనేది వేరే మాట. దున్నేవాడు కనిపించకుండా పోవడానికి మాత్రం దేవుడి శాపమేమీ లేదు. మనం గడి తీసేస్తే కనిపించడు, గడి పెడితే కనిపిస్తాడు. అంతే.

ఇంత చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ఆ సంక్రాంతికి ఊరెళ్లి, "బాబాయ్, సర్కారు డబ్బు ఎంతొస్తే అంత ఇకమీదట కౌలులో తగ్గించుకో" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నీకు లోటెందుకమ్మాయీ" అన్నాడు. తర్వాత ఇంకాసేపు ఆగి, నేలవైపు చూస్తూ, "తగ్గించకపోయినా ఫర్వాలేదు గానీ... నేను చేస్తున్నట్టు ఒక కాగితం రాసిస్తావా? బ్యాంకులో పంట అప్పు అడుగుదామని" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. "చూద్దాం బాబాయ్" అన్నాను. డబ్బు వదులుకోవడానికి ఒక్క నిమిషం పట్టని నాకు, ఆ నాలుగు ముక్కలు రాయడానికి చెయ్యాడలేదు. పుస్తకాలకి పుస్తకాలు రాసిన చెయ్యి! నాన్న చనిపోయి చాలాకాలమయింది గానీ ఆయన భయం మాత్రం నా దగ్గర క్షేమంగా ఉంది.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలయింది. లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకి పైగా ఇచ్చారు. కొన్ని వారాలకి మా చెల్లెలు ఫోన్ చేసింది. అవ్వ చిన్నకొడుక్కి పట్టా వచ్చిందట, కోడలి పేరు కూడా ఉందట. "మరి అవ్వ?" అన్నాను. అంతకుముందు వేసవిలోనే పోయిందట. రేకుపెట్టెలోని రసీదు మాత్రం కోడలు పారేయలేదట.

2025 జనవరి 26న తెలంగాణలో ఆ పథకమే రైతు భరోసా పేరుతో పంటకి ఎకరానికి 6,000 అయింది. భూమిలేని కూలి కుటుంబాలకి ఏడాదికి 12,000 ఇచ్చే పథకం కూడా అదే రోజు వచ్చింది. ఎకరాల డబ్బు మాత్రం ఎప్పట్లాగే పట్టాదారు ఖాతాకే. నా ఫోను టింగుమంది. నేను బాబాయి కౌలులో లెక్క తగ్గించాను. మావారు "మారాణి వారి దానధర్మాలు" అన్నారు. నవ్వలేకపోయాను. దానం వేరు, కాగితం వేరు. అవ్వ పెద్దకొడుకు ఇచ్చిన సగం దానం కాదు. ఎడ్లు ఇద్దరివీ గనక ఇచ్చాడు.

ఇంత రాశాక మొదట్నుంచీ ఒకసారి చదువుకున్నాను. అక్బరు మంత్రి పేరుంది. కాకతీయ రాజు పేరుంది. ముఖ్యమంత్రి పేరుంది. నా మూడెకరాలు ఇన్నేళ్లుగా దున్నుతున్న బాబాయి పేరు ఎక్కడా లేదు. ఈ కాగితం మీద కూడా రాయలేదు, చూశారూ!